ఒనలెన్న అడిగిన మాట

ఒక్కసారి అనగనగా అంటే ఈ కథకి చాలదు. మూడుసార్లు అనాలి. అనగనగా, అనగనగా, అనగనగా, మన సముద్రానికి అవతల, ఎర్రమట్టీ ముళ్ళకంపా తప్ప కంటికి మరేమీ ఆనని ఒక ఎండదేశం. అక్కడివాళ్ళ భాష సెట్స్వానా. వానకోసం మొహంవాచిన దేశమే గానీ, కథలకి మాత్రం ఎన్నడూ కరువు లేదు. ఏవిటా దిక్కులు చూడ్డం? ఊఁ కొట్టండి మరి.

ఆ దేశంలో ఒక ఊళ్ళో ఒనలెన్న అనే ఆడమనిషి ఉండేది. ఊరివాళ్ళ ఇళ్ళు అలికి పొట్టపోసుకునేది. ఎర్రమట్టీ పేడా కలిపి గోడకి మెత్తి, తడి ఆరకముందే వేళ్ళతో వంపువంపులుగా గీతలు తీసేది. ఆవిడ అలికిన అరుగు తొక్కడానికి కోడిపిల్ల కూడా మొహమాటపడేదిట! మొగుడు పోయాక ముందూ వెనకా ఎవరూ లేరు. చదువా? అక్షరమ్ముక్క రాదు.

ఆ ఊళ్ళోనే కథల ఇల్లని ఒకటుండేది. సెట్స్వానాలో ఎవరు ఏ కథ రాసినా కాగితాలు అక్కడికే చేరేవి. ముగ్గురు పండితులు కూచుని, పైకి చదివి, తర్కించి, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని తేల్చేవారు. నిలిస్తే పెట్టెలోకి, పిల్లల చదువులోకి. నిలవకపోతే పొయ్యిలోకి. ముగ్గురూ ఓడలెక్కిపోయి చదువుకొచ్చినవాళ్ళే. అందరిలోకీ పెద్దాయన మొలెఫీ. ఆయన కాదన్న కథకి ఇక దిక్కు లేదు.

ఒక ఏడాది కథల ఇంటి గోడలు పెచ్చులూడిపోయాయి. ఒనలెన్నకి కబురంపారు. బయట ఆవిడ గోడ అలుకుతోంది, లోపల వాళ్ళు కథ చదువుతున్నారు. రాసింది ఎవరో పంతులమ్మ, పాపం పోయింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే.

మొదటి రోజు చదివారు. కథలో ఒక పిల్ల. ఆ పిల్లని అడగడానికి వరుడివాళ్ళు వచ్చారు. ఎద్దుని కోశారు. అందరూ తిన్నారు. "ఎద్దు తల కుండలో మిగిలింది" అని ఉంది. ఒనలెన్న చెయ్యి గోడమీద ఆగింది.

రెండో రోజు చదివారు. పెళ్ళి రోజు ఖాయం చేసుకున్నారు. ఎద్దుని కోశారు. అందరూ తిన్నారు. "ఎద్దు తల కుండలో మిగిలింది." ఒనలెన్న మట్టితట్ట కింద పెట్టేసి, కిటికీకి దగ్గరగా జరిగింది.

మూడో రోజు చదివారు. పెళ్ళి. ఎద్దుని కోశారు. అందరూ తిన్నారు. "ఎద్దు తల కుండలో మిగిలింది." పెళ్ళికూతురు లేచింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ముళ్ళకంపల్లోకి నడిచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. అంతే, కథ అయిపోయింది.

గోడకి నుదురు ఆనించి ఒనలెన్న వెక్కివెక్కి ఏడ్చింది. అది తన కథ. అచ్చంగా తనదే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేకపోయినదాన్ని, ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో కాగితంమీద పెట్టి పోయింది.

లోపల మాటలు వినిపించాయి.

"పిల్ల ఎందుకు వెళ్ళిపోయినట్టు? కారణమేదీ?" అన్నాడు బక్క పండితుడు.

"రాసినావిడకే తెలిసుండదు," అని నవ్వాడు లావుపాటి పండితుడు.

"పైగా ఆ ఎద్దు తల గోలేమిటి, మూడుసార్లు! చేతకాని రాత," అన్నాడు మొలెఫీ. "రేపు పొద్దున రచ్చలో చెప్పేసి పొయ్యిలో పెట్టేద్దాం."

ఒనలెన్న ఆ మాట వింది. ఆ కాగితాలు కాలిపోతే, తనలాంటిది ఇంకొకతె ఉందని చెప్పే మాట ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు.

తెల్లారింది. రచ్చ కూడింది. రచ్చలో ఎవరు లేచి మాట్లాడినా రాజుతో సహా నోరు మూసుకుని వినాల్సిందే, అది ఆ దేశపు ఆచారం. పండితులు తమ తీర్పు చెప్పారు. మొలెఫీ కాగితాలు చేత్తో పట్టుకుని, "ఎవరైనా ఏమైనా అంటారా?" అని మర్యాదకి అడిగాడు. వెళ్ళబోతున్నాడు కూడా.

ఒనలెన్న లేచింది. చేతులకి ఇంకా మట్టి వదల్లేదు.

"అయ్యా, ఎవరొచ్చారో మీరు చదివారు. ఎవరు రాలేదు?"

"ఏమిటమ్మా నువ్వనేది?"

"మనలో ఎద్దుని కోస్తే తల ఎవరిది?"

ఓస్, ఆ దేశంలో ఏ చంటివాణ్ణి అడిగినా చెప్తాడు! ఎద్దు తల మేనమామది. ఆయన కూచోందే సంబంధం మాట్లాడరు. ఆయన తినందే పెళ్ళి పెళ్ళి కాదు.

"మేనమామది," అన్నాడు మొలెఫీ. అని, ఆగిపోయాడు.

"మూడుసార్లూ తల కుండలోనే ఉంది కదయ్యా. అంటే మూడుసార్లూ మామ రాలేదు. ఆ పిల్లకి మామే లేడు. అది చూసి కూడా ఒక్కరంటే ఒక్కరు ఆ మాట ఎత్తలేదు. తిని మూతులు తుడుచుకున్నారు. నా పెళ్ళిలోనూ అంతే జరిగింది. మా అమ్మకి అన్నదమ్ములు లేరు, నాకు మామ ఎక్కణ్ణుంచి వస్తాడు? తల కుండలోనే చల్లారిపోయింది. నాకూ లేచి వెళ్ళిపోవాలనిపించింది. ధైర్యం చాలలేదు. ఆ పిల్లకి చాలింది. ఇంతకన్నా కారణం ఏం కావాలయ్యా మీకు?"

మొలెఫీ కాగితాలు విప్పి, ఆ మూడు వాక్యాలూ వెతికి వెతికి మళ్ళీ చదివాడు.

"ఇది నా భాష, నా ఆచారం," అన్నాడాయన. "నాకు అందలేదు తల్లీ. నీకు అందింది."

అని, నెత్తిమీది టోపీ తీసి, తాను కూచునే పీట ఆవిడ ముందుకి జరిపాడు. ఒనలెన్న కూచోలేదు. "సగం గోడ మిగిలిపోయిందయ్యా," అని వెళ్ళిపోయింది. కథ పెట్టెలోకి చేరింది.

ఆనాటినుంచీ ఏ కథ చదివినా ఆవిడ్ని పిలిచేవారు. ఆవిడ వచ్చి, గుమ్మం దగ్గర కూచుని, విని, ఒక్క మాటే అడిగేది: "ఎవరు రాలేదు?" అలా ఎన్ని కథలు పొయ్యి తప్పించుకున్నాయో!

ఒనలెన్న పోయిన రోజున ఊరు ఎద్దుని కోసింది. తల ఎవరికివ్వాలి? ఆవిడకి మేనమామ లేడాయె. అప్పుడు మొలెఫీ, తొంభై దాటిన మనిషి, కర్ర ఊతంతో నడిచొచ్చి, కుండ దగ్గర నేలమీద చతికిలబడ్డాడు.

"ఈ పిల్లకి మేనమామని నేను," అన్నాడు.

నోట్లో ఒక్క పన్ను లేదు. అయినా తిన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతుంటే తిన్నాడు. ఆయన తినడం అయ్యేదాకా ఊరంతా నిలబడే ఉంది.

మన కథలు చెప్పడం అయిపోగానే కంచికి వెళ్ళిపోతాయి. ఈ కథ మాత్రం ఆ ఊరు దాటలేదు. ఇప్పటికీ అక్కడ సెట్స్వానా కథ ఏది చదివినా, ఎంతెంత పండితులు కూడినా, చదవగానే బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనరు. అందరిలోకీ తక్కువ చదువుకున్నవాళ్ళెవరో లేచి, "ఎవరు రాలేదు?" అని అడుగుతారు. అడిగినవాళ్ళు కూచునేదాకా పండితులంతా లేచి నిలబడతారు. ఆ తరవాత కాగితాలు మళ్ళీ మొదటినుంచి తిప్పుతారు.