మాపటేళ తోడు

అనగనగా ఒక రేవు పట్నం. ఆ పట్నం అయిపోయి, సిటీ బస్సు వెనక్కి తిరిగే చోటు కూడా దాటిపోయాక, కొండ పక్కన పెయ్యలదొడ్డి అని ఒక ఊరు. ఒకరోజు ఆ ఊళ్ళోకి ఆటోలో సామానేసుకుని నూకరత్నం అనే ఆవిడ దిగింది. ఊఁ కొట్టు మరి, గోడకి చెప్పనా కథ?

నూకరత్నానికి ఒక కూతురు, పేరు హైమ. పట్నంలో వాళ్ళుండే గదిలోకి బొగ్గుదుమ్ము వచ్చిపడేది. పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ నలుపే. ఆ దుమ్ముకి హైమకి ఆయాసం పట్టుకుంది. పడుకుంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు. "పిల్లని ఈ దుమ్ములోంచి బయటికి తీసుకుపొండి" అన్నాడు డాక్టరు. అప్పుడు నూకరత్నమే తిరిగి తిరిగి ఈ ఊళ్ళో ఇల్లు చూసింది.

ఆవిడ మొగుడు సన్యాసిరావుకి రేవులో రాత్రి డ్యూటీ. పొద్దు వాలకముందే వెళ్ళిపోవాలి, తెల్లారాక రావాలి. "పిల్లతో ఒక్కదానివీ ఉండగలవా? భయమేస్తే చెప్పు, మళ్ళీ పట్నం వెళ్ళిపోదాం" అన్నాడు.

"భయమా? నాకా?" అంది నూకరత్నం. అంది గానీ, అమ్మడూ, ఆవిడ బల్లిని చూసినా మంచమెక్కేసే మనిషి.

మొదటి సాయంత్రం కరెంటు పోయింది. పట్నంలో కరెంటు పోతే వీధంతా కేకలేస్తుంది. ఇక్కడ ఎవరూ నోరెత్తలేదు. నూకరత్నం తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది.

ఆ తర్వాతి సాయంత్రం ఎవరో గోడని రాసుకుంటూ నడిచిన చప్పుడైంది. దొంగే అనుకుని అట్లకాడ పట్టుకుని నిలబడింది. తీరా చూస్తే పక్కింటి గేదె, దురద పుట్టి ఒళ్ళు రుద్దుకుంటోంది.

ఆ మర్నాడు కొండ మీద నక్కలు కూశాయి. గేదెనైతే కిటికీలోంచి చూసి నవ్వుకోవచ్చు, నక్కల్ని ఏం చెయ్యాలి? హైమని పొట్టకి అదుముకుని, లైటు ఆర్పకుండా కూర్చుంది.

అయినా ఎవరినీ పిలవలేదు. కొత్త ఊళ్ళో నోరు తెరిచి అడిగితే లోకువైపోతామని ఆవిడ మొండితనం. పైగా హైమ ఛాతీకి చెవి ఆనించి వింటే పిల్లికూతలు తగ్గుతున్నాయి. "నాకు నిద్ర లేకపోతే పోనీ, నా పిల్ల హాయిగా నిద్రపోతోంది కదా" అనుకుంది.

కానీ ఒళ్ళు ఊరుకోదుగా! కళ్ళ కింద నలుపు చూసి ఒకనాడు సన్యాసిరావు డ్యూటీకి వెళ్తూ, "ఇక చాలు రత్నం. రేపొచ్చి సామాను సర్దేద్దాం" అనేశాడు. అసలు సగం మూటలు ఇంకా విప్పనే లేదు.

మళ్ళీ ఆ బొగ్గుదుమ్ములోకా నా పిల్ల? నూకరత్నం కొంగు బిగించింది. "రేపు ఆయనొచ్చేసరికి ఇది మా ఇల్లులా ఉండాలి. ఇంట్లో తోడుకున్న గడ్డపెరుగు వేసి అన్నం పెడతాను. అప్పుడెలా సర్దుతారో చూస్తాను" అనుకుంది. ఊళ్ళో పాలు పోయించుకుంది, కాచింది, గోరువెచ్చగా చల్లార్చింది. తీరా చూసుకుంటే తోడెయ్యడానికి ఇంట్లో పెరుగు చుక్క లేదు. ఎప్పుడూ ప్యాకెట్టు పెరుగు కొనుక్కున్న మనిషి కదా!

అప్పటికి ఇళ్ళల్లో దీపాలు పెట్టేశారు. నూకరత్నం చిన్న గిన్నె తీసుకుంది. అడగడానికి సిగ్గేసి దాన్ని కొంగు చాటున దాచుకుంది. హైమని వెంటబెట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడింది. ఆ ఇల్లు అప్పలనరసమ్మది, ఆ దురద గేదె గలావిడే.

"పిన్నీ, కాస్త తోడు కావాలి."

"ఇప్పుడా?" అంది అప్పలనరసమ్మ ఎగాదిగా చూసి.

"ఇప్పుడే పిన్నీ. తెల్లారితే ఆయన సామాను సర్దేస్తానంటున్నారు."

అప్పలనరసమ్మ లోపలికెళ్ళింది. ఇంత పెరుగు తెస్తుందని నూకరత్నం చూస్తోంది. ఆవిడ చాపా తలగడా చంకన పెట్టుకుని వచ్చింది.

"పద. ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నావేటే పిల్లా? నక్కలు కూసినప్పుడల్లా మీ ఇంట్లో లైటెలగడం నాను సూత్తానే ఉన్నాను. పిలవకుండా వొత్తే ఏటనుకుంతావో అని ఊరుకున్నాను."

"తోడంటే అది కాదు పిన్నీ" అనాలి నూకరత్నం. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ చాప చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఊరొచ్చిన దగ్గర్నించీ ఆవిడకి కావలసింది అదే మరి. గిన్నెని కొంగులోకి ఇంకా లోపలికి తోసేసి, "రా పిన్నీ" అంది.

ఆ రాత్రీ నక్కలు కూశాయి. అప్పలనరసమ్మ గుర్రు ముందు వాటి గొంతేం వినపడుతుంది! నూకరత్నం ఆ ఊరొచ్చాక మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

తెల్లారాక గిన్నె బయటపడింది. అప్పలనరసమ్మ గిన్నెని చూసింది, పొయ్యి పక్కన పాలు చూసింది. "ఇదేటే?" అంది. నూకరత్నం ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ పెద్దావిడ నవ్వి నవ్వి గుమ్మంలో కూలబడిపోయింది.

"దీపాలెట్టాక పాలూ పెరుగూ గడప దాటనియ్యమే మేం. మాపటేళ ఈ ఊళ్ళో తోడు కావాలని ఎవులడిగినా, అది మనిసి తోడే!"

అప్పుడు అదే గిన్నెలో పెరుగు తెచ్చి, పాలు వెచ్చబెట్టి, తన చేత్తో తోడేసింది.

ఆ తర్వాత సన్యాసిరావు వచ్చాడు. పెరుగింకా తోడుకోలేదు. కానీ హైమ అప్పలనరసమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది. పిల్లికూత ఒక్కటి లేదు. "మరి సామాను సర్దమంటావా?" అని మెల్లిగా అడిగాడు.

"సర్దండి" అంది నూకరత్నం. "ఆ మూటలన్నీ విప్పి గిన్నెలు గూట్లో, దుప్పట్లు అటక మీద సర్దండి. నాకు భయమే, బోలెడంత భయం. భయమేసినప్పుడు పిన్నిని పిలుస్తాను. ఇక్కణ్ణించి మాత్రం కదలను."

సన్యాసిరావు మూటలు విప్పడం మొదలెట్టాడు.

తర్వాత తర్వాత పెయ్యలదొడ్డికి ఇంకా కొత్తవాళ్ళు వచ్చారు. ఒకరోజు దీపాలు పెట్టాక, కొత్తగా దిగిన పిల్ల ఒకతి నూకరత్నం గుమ్మంలో నిలబడి, "అక్కా, కాస్త తోడు..." అని నసిగింది. కొంగు చాటు నుంచి గిన్నె అంచు కనిపిస్తూనే ఉంది. నూకరత్నం దాన్ని చూసీ చూడనట్టే లోపలికెళ్ళి, చాప చంకన పెట్టుకుని వచ్చింది.

పాలకి తోడు పెరుగు చుక్క,
పాపకి తోడు అమ్మమ్మ పక్క.
కథేమో కంచికి వెళ్ళింది,
నిద్రేమో మనింటికి వచ్చింది.