బొమ్మలోని నాట్లు

కోట వాకిట్లో ఆస్థాన చిత్రకారుడు రంగశాయి తన నాట్ల బొమ్మకు తెర తీయగానే రాజుగారు సహా అందరూ ఆహా ఓహో అన్నారు. నవ్వుతూ, నాటుకుంటూ ఎదురొస్తున్న కూలి ఆడవాళ్ళు, వాళ్ళ వెనక అప్పుడే నాటిన పచ్చటి నారు!

రంగశాయి మీసం మెలేస్తుండగా, ఓ మూల బియ్యం చెరుగుతున్న కూలి పైడమ్మ గుండెలు బాదుకుంది.

"అయ్యో, ఈ మడిలో గింజ పండదు దొరా!"

"ఎంత అపశకునం! దీని నాలుక కోయించండి ప్రభూ," అని మండిపడ్డాడు రంగశాయి.

"కోద్దురుగాని దొరా! ముందు ఈ బాబుగారిని బొమ్మలో ఉన్నట్టే ఒక్క వరస నాటమనండి."

ఇదెంత పని అనుకుంటూ రంగశాయి పంచె ఎగ్గట్టి కోట పక్క మడిలో దిగాడు. వంగి నాటుకుంటూ ముందుకు నడిచాడు. గట్టెక్కి తిరిగి చూశాడు. నాటిన ప్రతి మొక్కా అతని అడుగు కిందే బురదలో కూరుకుపోయింది!

"మేం వెనక్కి నడుస్తూ నాటుతాం బాబూ," అంది పైడమ్మ.

రాజుగారు బొమ్మలోని ఆడవాళ్ళను నారు వైపుకి తిప్పి గీయమన్నారు. రంగశాయి బెంబేలెత్తిపోయాడు.

"అలా తిప్పితే మొహాలు పోయి వీపులే కనబడతాయి ప్రభూ!"

"కోటలోంచి చూసేవాళ్ళకి ఇన్నాళ్ళూ కనబడ్డవి అవే కదా బాబూ," అని పైడమ్మ మళ్ళీ చేట అందుకుంది.