మరకతానికి ఇల్లు దొరికింది

చింతలదుర్గాన్ని ఏలే రణమల్లదేవుడికి ఒకరోజు నిండు కొలువులో ఒక ముచ్చట పుట్టింది. రాణి నాగాంబ మర్నాడే పుట్టింటికి వెళ్ళిపోవాలట. చిలక మాత్రం అంతఃపురంలోనే ఉండాలట.

రాజు వెనక నిలబడి వింజామర వీస్తున్న ఎర్రక్క చెయ్యి ఆగిపోయింది.

సంగతంతా ఆమెకు తెలుసు. రాజుగారు ప్రాణంగా పెంచుకుంటున్న చిలక పేరు మరకతం. తెల్లారితే చాలు, "రణమల్లుడే రాజు! రణమల్లుడే అందగాడు!" అని అరుస్తుంది. రాణి నోట అలాంటి మాట విని చాలాకాలమైంది కాబట్టి ఆయనకు చిలకంటే మరీ ముద్దు. దాని పంజరం చిన్నారి రాకుమారి కుందమ ఊయల పక్కనే వేలాడుతుంది. అది రెక్కలు విదిలిస్తే చాలు, తెల్లటి పొడి రాలుతుంది. పిల్ల దగ్గు మొదలుపెడుతుంది. దగ్గి దగ్గి పెదాలు నీలంగా మారతాయి. చిలకను తోటలో ఉంచిన పూట మాత్రం పిల్ల హాయిగా నిద్రపోతుంది.

"దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామండీ" అని రాణి మొత్తుకుంది. రాజు ఆ రోజు కొలువుకే వైద్యుణ్ణి పిలిపించాడు.

రాజవైద్యుడు విద్దనభట్టు రోగి నాడి కంటే ముందు రాజుగారి మొహం చూసే మనిషి. చూశాడు, గ్రహించాడు, మీసం దువ్వుకున్నాడు.

"చిలక రెక్కల గాలి పసిపిల్లలకు అమృతం ప్రభూ! దోషమంతా తల్లిది. రాణిగారు అతిగా ఆలోచిస్తారు. ఆ వేడి బిడ్డకు తగులుతోంది. తల్లిని కొన్నాళ్ళు దూరంగా పంపండి."

ఆడదాని ఆలోచనకు అంత వేడి ఉంటుందని ఏ శాస్త్రం చెప్పిందో ఆయన చెప్పలేదు. సభలో ఇంతమంది మగవాళ్ళున్నారు, ఒక్కరూ అడగనూ లేదు.

రాణి మాత్రం లేచి నిలబడింది. "నేను వెళ్ళాక అర్ధరాత్రి బిడ్డకు ఊపిరాడకపోతే ఎత్తుకుని తిరిగేదెవరు? మీరా? ఈ భట్టుగారా?"

రాజు కాస్త తడబడ్డాడు. కానీ పదిమందిలో వెనక్కి తగ్గడం ఆయనకు అలవాటు లేదు.

"సరే, మరకతాన్ని ఇక్కడంత అపురూపంగా చూసుకునే ఇల్లు కావాలి. చిలక ఉంటే మేలని ఆ ఇంటి యజమాని తన నోటితో చెప్పాలి. పొద్దుగూకేలోగా ఎవరైనా అలాంటి ఇల్లు చూపిస్తే చిలకే వెళ్తుంది, రాణి ఉంటుంది."

సభంతా నేల చూపులు చూసింది. రాజుగారి చిలకను ఇంటికి తీసుకుపోయి, దానికి జలుబు చేస్తే తల ఎవరిది పోతుంది?

"ఇల్లు నేను చూపిస్తాను మహారాజా" అంది ఎర్రక్క.

"నువ్వా! ఎవరిల్లే?"

"పసిపిల్లలకు చిలక గాలి అమృతమని ఈ సభలోనే చెప్పిన మహానుభావులుండగా వేరే ఇల్లు వెతకడమెందుకు? భట్టుగారికి బంగారంలాంటి మనవడున్నాడు. ఆ బాబు ఊయల పక్కన కట్టిస్తే సరి."

రాజు మొహం వెలిగిపోయింది. "భేష్! నాకు తట్టలేదే! భట్టుగారికి తాంబూలం తెప్పించండి!"

విద్దనభట్టు నుదుట చెమట పట్టింది. చింతలదుర్గంలో ఒక కట్టుబాటు ఉంది. కొలువులో రాజు తాంబూలంతో ఇచ్చినదాన్ని ఎవరూ కాదనరాదు. కాదంటే కారణం అందరి ముందూ, రాజుగారి పాదపీఠం ముట్టుకుని, నిజంగా చెప్పాలి.

"ప్రభూ... ఇంత భాగ్యం నాకెందుకు? మా ఇల్లు ఇరుకు."

"కిందటేడే గదా రెండంతస్తుల మేడ కట్టించారు" అంది ఎర్రక్క.

"పోనీ, ఆవుల కొట్టంలో..."

"అమృతం ఆవులకెందుకండీ? బాబుకు కదా కావాలి. రోజూ పొద్దున్నే నేనే వచ్చి జామపండు పెట్టి, పంజరం ఊయల పక్కనే ఉందో లేదో చూసి వెళ్తాను. మీకేం శ్రమ లేదు."

వెండి పళ్ళెంలో తాంబూలం వచ్చింది. పక్కనే పంజరం. మరకతం రెక్కలు టపటపలాడించింది. తెల్లటి పొడి భట్టుగారి పట్టు ఉత్తరీయం మీద పడింది.

ఆయన ఒక్క గెంతు గెంతి రాజుగారి పాదపీఠం పట్టుకున్నాడు.

"వద్దు ప్రభూ! మా మనవడికి ఉబ్బసం! ఈ పొడి సోకిందంటే బిడ్డ బతకడు! కిందటేడు వాడికోసమే మా గోరింకను ఊరవతల తోటవాళ్ళకు ఇచ్చేశాం. మళ్ళీ రెక్కలున్నదాన్ని గడపలోకి తెస్తే మా ఆవిడ నన్నే బయట కట్టేస్తుంది!"



ఎర్రక్క వింజామర మళ్ళీ ఊపడం మొదలుపెట్టి, నెమ్మదిగా అంది:

"అయితే భట్టుగారూ, మీ ఇంట్లో గోరింకను పంపారు, మా ఇంట్లో తల్లిని పంపమన్నారు. వైద్యం ఇంటికొక రకమా?"

ముందు రాణి నవ్వింది. తర్వాత మంత్రి. ఆ తర్వాత సభంతా పొట్టలు పట్టుకుంది. రాజు మొదట ఎర్రబడ్డాడు. అంతలో ఆయన చూపు రాణి మీద పడింది. సింహాసనం దిగి వెళ్ళి, "తప్పు నాది నాగా, పెట్టెలు విప్పించు" అన్నాడు. ఆ మాట చిన్నగా అన్నాడు గానీ, ముందు వరసలో అందరికీ వినబడింది.

విద్దనభట్టుకు కొలువు పోయింది. కోట గుమ్మం పక్కన ఎర్రక్క ఒంటరిగా ఉండే గాలి వసారా మరకతానికి ఇల్లయింది. చిలకకూ ఎర్రక్కకూ బతికినన్నాళ్ళు రాచకొట్టు నుంచి గింజలొస్తాయి. రాజుగారికి పొగడ్త వినాలనిపిస్తే నడిచి వెళ్ళాలి.

"ఇవి సరే, ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"ఇకమీదట బిడ్డకు ఏం జబ్బు చేసినా ముందు బిడ్డ తల్లిని అడగండి మహారాజా."

"అదేం బహుమానమే?"

"ఈ కోటలో ఇంతవరకూ ఎవరికీ దొరకనిది."

రాజు పగలబడి నవ్వి, తన చేతి కంకణం తీసి ఆమె చేతికి తొడిగాడు.