రొయ్యల చెరువుకి ఇంటి నుంచి ఆజ్ఞలు

ఊళ్ళో తెలివనేది ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవర్రాజుకి గట్టి నమ్మకం. తమ్ముడు సత్తిరాజుకీ అదే నమ్మకం. గవర్రాజు భార్య మంగాయమ్మ అయితే, మిగతా ఊరంతా పాపం ఎలా బతుకుతోందో అని జాలి కూడా పడేది.

వాళ్ళకి రెండు ఊళ్ళ అవతల రొయ్యల చెరువుంది. రొయ్యలకి గాలి అందాలంటే నీళ్ళని చిలికే ఏరేటర్లు ఆగకుండా తిరగాలి. ఓ గంట ఆగాయంటే నాలుగు నెలల కష్టం నీళ్ళపాలే. వాటిని నడిపే కంప్యూటర్ చెరువు గట్టు మీద షెడ్డులో ఉంది. ఖాదర్ అనే ఇంజనీరు వచ్చి, ఇంట్లో ఇంకో కంప్యూటర్ పెట్టి, సెక్యూర్ షెల్ అనేదానితో రెంటినీ కలిపాడు.

“గవర్రాజు గారూ, ఈ నల్లకిటికీలో మీరు కొట్టిన ఆజ్ఞ అక్కడి కంప్యూటర్‌లో జరుగుతుంది. మధ్యలో ఎవరూ చూడ్డానికి వీల్లేదు, అంత భద్రం. సాయంత్రం పనయ్యాక కంప్యూటర్ ఆపేసి లేవండి,” అని చెప్పి వెళ్ళాడు.

అంతే, అన్నదమ్ముల మధ్య కూర్చున్న మంగాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. గవర్రాజు ఖాదర్ రాసిచ్చిన కాగితం చూసి ‘డేట్’ అని కొట్టాడు. గురువారం అని వచ్చింది.

“ఒరేయ్ సత్తీ, అక్కడ కూడా గురువారమేరా!”

“మన చెరువే కదన్నయ్యా, వేరే వారం ఎందుకుంటుంది?”

“అయితే నాకు అక్కడా ఉపవాసమేనన్నమాట,” అంది మంగాయమ్మ కళ్ళు తెరవకుండానే.

సాయంత్రమైంది. ఆపేసి లేవమన్నాడు కదా. ఇంకేముంది, గవర్రాజు అదే నల్లకిటికీలో ‘షట్‌డౌన్’ కొట్టాడు. చెరువు దగ్గరి కంప్యూటర్ ఆగింది. ఏరేటర్లూ ఆగాయి. ఇంట్లోది మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. అది ఆగలేదు గనక గవర్రాజు కుర్చీలోంచి లేవలేదు.

కాసేపటికి చెరువు కావలి ఏసోబు ఫోన్ చేశాడు. “అయ్యగారూ! ఏరేటర్లు ఆగిపోయాయండి! రొయ్యలు పైకి తేలిపోతన్నాయండి!”

గవర్రాజు నల్లకిటికీలో ‘స్టార్ట్’ అని ఎన్నిసార్లు కొట్టినా ఏమీ జరగలేదు. ఖాదర్‌కి ఫోన్ చేస్తే, “ఆగిపోయిన కంప్యూటర్ మీ ఆజ్ఞ ఎలా వింటుందండీ? వెంటనే చెరువు దగ్గరికెళ్ళి కంప్యూటర్ మీట నొక్కండి,” అన్నాడు.

“ఏ కంప్యూటర్ మీటో చెప్పలేదన్నయ్యా,” అన్నాడు సత్తిరాజు.

“మన దగ్గరున్నది ఒక్కటేగా!”

అంతే, తీగ పీకారు. కంప్యూటర్ ఆగింది. అప్పుడు గవర్రాజు లేచాడు. దాన్ని దుప్పట్లో చుట్టి, బండి మీద పెట్టుకుని చెరువు దగ్గరికి పరిగెత్తారు.

వాళ్ళు వెళ్ళేసరికి ఏరేటర్లు జోరుగా తిరుగుతున్నాయి. “నేనే మీట నొక్కేశానండి,” అన్నాడు ఏసోబు.

“నొక్కమన్నది మమ్మల్ని. నువ్వు నొక్కితే ఎలా చెల్లుతుంది?” అని గవర్రాజు షెడ్డులోకి దూరాడు. అక్కడున్నది ఒకటే ప్లగ్గు. ఇంకేముంది, నడుస్తున్న కంప్యూటర్ తీగ పీకి, తన కంప్యూటర్ తీగ పెట్టి, మీట నొక్కాడు. అది చక్కగా వెలిగింది. చెరువు చప్పబడిపోయింది. రొయ్యలు మళ్ళీ పైకి తేలాయి.

గవర్రాజుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతలో బుర్ర వెలిగింది. “ఇంట్లో కొడితే కదరా ఇక్కడ జరిగేది! ఇద్దరం ఇక్కడే ఉంటే ఇంట్లో ఎవరు కొడతారు?” అని మంగాయమ్మకి ఫోన్ చేశాడు. “తొందరగా ‘స్టార్ట్’ అని కొట్టవే!”

“కంప్యూటర్ మీరు పట్టుకెళ్ళారు కదండీ. బల్లే ఉంది.”

“పొద్దుట్నుంచీ దాని మీదేగా కొడుతున్నాం! కొట్టు!”

మంగాయమ్మ బల్ల మీద టకటకా కొట్టింది. ఇటు ఏసోబు పళ్ళు నూరుకుంటూ షెడ్డులోకెళ్ళి, ఆ తీగ పీకేసి, పాత తీగ పెట్టి, మీట నొక్కాడు. ఏరేటర్లు గిర్రున తిరిగాయి. రొయ్యలు బతికిపోయాయి.

“అందిందే, అందింది! ఇక చాలు!” అని గవర్రాజు ఫోన్‌లో అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, జాగ్రత్త చెప్పాడు. “ఇకమీదట ఆ బల్ల మీద ఎవరికీ భోజనం పెట్టకు. చారు ఒలికిందంటే ఇక్కడ రొయ్యలు ఉడికిపోతాయి.”