విప్పిన తూటాలు

"ముందు ఏది కొనుక్కోవల్ల ఉస్తాదూ?"

చెన్నకేశవులు ఈ మాట అడగడం ఆ వారంలో అది నాలుగోసారి. దస్తగిరి సాయిబు వెనకటి రోజుల్లో జమీందారు గారి తుపాకుల బాగోగులు చూసినవాడు. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్లో మళ్లీ మందూ గుళ్లూ నింపడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. గడ్డం నిమురుకుంటూ ఏదో ఒక పని అప్పగిస్తాడు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే శిష్యుడి ఖర్మ.

చెన్నకేశవులుకేమో ఓపిక తక్కువ. ముప్పై రెండేళ్లు నిండాయన్న మాటే గానీ ఒకచోట నిలకడగా కూర్చున్న పాపాన పోలేదు. తుపాకీ లైసెన్సు చేతికొచ్చి రెండు నెలలైంది. అడవిపందులు వేరుశనగ చేలు తవ్విపోస్తున్నాయి, ఇంట్లోనే తూటాలు నింపుకుందామని ఒకటే ఉబలాటం. మద్రాసు కంపెనీ వాళ్ల బొమ్మల పుస్తకం ముందేసుకుని, త్రాసు ముందా, మందు కొలిచే చిప్ప ముందా, అట్టబిళ్లలు దిగ్గొట్టే కర్ర ముందా అని నిద్రలో కూడా కలవరిస్తున్నాడని వాళ్లావిడ ఊరంతా చెప్పుకుంది.

సాయిబు ఆ రోజు తన బల్ల మీద పది ఖాళీ తూటాలు వరసగా నిలబెట్టాడు.

"నింపు. నేను నమాజు చేసుకోనొస్తా. వచ్చి చూసేదంక ఒక్కటి గూడా ఎవురికీ ఇయ్యాకు."

ఉస్తాదు బల్ల, ఉస్తాదు పనిముట్లు! చెన్నకేశవులు పొంగిపోయాడు. తూటాలో చిప్పెడు మందు, దాని మీద అట్టబిళ్ల, ఆపైన సీసపు గుళ్లు, మళ్లీ బిళ్ల, అంచు చుట్టూ మైనం. మూడు తూటాలదాకా ఊపిరి కూడా చూసుకుని వదిలాడు. అంతలో వాకిట్లో బామ్మర్ది గంగులప్ప ప్రత్యక్షమయ్యాడు. వాడిదీ పక్క చేనే, వాడికీ తుపాకీ ఉంది.

"బావా, పట్టపగలే పందులు చేన్లో పడినాయి. నా దగ్గర ఒక్క తూటా లేదు. నీ దగ్గర ఉండాయా?"

"ఉండు, నింపుతాండా."

గంగులప్ప ఉండే రకం కాదు. ఎన్ని పందులు, ఎవరు చూశారు, ఎంత చేను పోయిందని గడప మీద నిలబడి ఒకటే వాగుడు. చెన్నకేశవులు వాడికి జవాబు చెబుతూనే ఉన్నాడు, చేతులు వాటి పాటికవి పనిచేస్తూనే ఉన్నాయి. పదో తూటాకి మైనం పట్టించి, ఉస్తాదు వచ్చేదాకా ఆగమన్నాడు.

"ఏమి బావా, ఇంగా నేర్చుకుంటానే ఉండావా? అవి కాల్చేటివా, గూట్లో పెట్టుకోని పూజ చేసేటివా?"

ఆ మాట సూటిగా తగిలింది. చెన్నకేశవులు పదీ ఊడ్చి వాడి సంచిలో పోశాడు.

వాడు వెళ్లాక బల్ల సర్దుతుంటే అనుమానం మొదలైంది. చిప్ప డబ్బాలో ముంచడం గుర్తుంది. ముంచిన ప్రతిసారీ ఏ తూటాలో పోశాడో గుర్తు లేదు. ఒకదాంట్లో రెండుసార్లు పోశాడేమో? డబ్బా వంచి చూశాడు. పది చిప్పల మందే తగ్గినట్టుంది. అయినా మనసు ఊరుకోలేదు. రెండింతల మందు పడ్డ తూటా పేలితే తుపాకీ గొట్టం చీలుతుందని, ఆ చీలిక కాల్చేవాడి మొహంలోకే వస్తుందని ఉస్తాదు మొదటిరోజే చెప్పాడు. గంగులప్ప కళ్లు గుర్తొచ్చాయి. పెళ్లై ఏడాది కాలేదు వాడికి. చెన్నకేశవులు కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. కుండలో నీళ్లు ముంచుకున్నాడు, తాగకుండానే పారబోశాడు.

సాయిబు వచ్చి బల్ల వంక చూశాడు. తూటాలేవని అడగలేదు.

"యాల కూర్చోలేకుండా ఉండావు?"

చెన్నకేశవులు చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. చేను రెండు మైళ్లు. తుమ్మముళ్లు గుచ్చుకున్నా ఆగలేదు. ఎక్కడ తుపాకీ మోగుతుందోనని వింటూ, మోగనందుకు దేవుళ్లందరికీ మొక్కుకుంటూ చేరేసరికి గంగులప్ప గట్టు చాటున కూర్చుని, తుపాకీ భుజానికి ఆనించి గురి చూస్తున్నాడు.

"కాల్చాకురా!"

ఆ కేకకు పందులన్నీ ఒక్క ఉదుటున చెట్లలోకి పోయాయి. గంగులప్ప నోటికొచ్చినట్టు తిట్టాడు. బావకు పిచ్చెక్కిందని అక్కకు చెబుతానన్నాడు. చెన్నకేశవులు తుపాకీలో ఉన్న తూటా తీయించాడు, సంచిలో తొమ్మిదీ లెక్కపెట్టుకున్నాడు, కుంటుకుంటూ వెనక్కి వచ్చాడు.

పదీ బల్ల మీద పోసి జరిగినదంతా చెప్పేశాడు. త్రాసు అందుకోబోతే సాయిబు తల అడ్డంగా ఊపాడు. గుళ్లు ఒకదాంట్లో నాలుగు ఎక్కువ, ఒకదాంట్లో నాలుగు తక్కువ పడతాయి; మందు తేడా ఆ బరువులో కలిసిపోతుంది. పైకి చూస్తే పదీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. సాయిబు బల్ల సొరుగు లాగి, చెక్క పిడి ఉన్న చిన్న ఇత్తడి మరమేకు ఒకటి తీసి చేతిలో పెట్టాడు. బిళ్లలో దాన్ని మెల్లగా తిప్పి లాగితే నింపినదంతా బయటికొస్తుంది.

తుపాకీలోంచి తీసినదాన్ని చెన్నకేశవులు ముందు విప్పాడు. మందు చిప్పలో పోసి చూస్తే సరిగ్గానే ఉంది. అనవసరంగా పరిగెత్తానే అనుకున్నాడు. రెండోదీ మూడోదీ సరిగ్గానే ఉన్నాయి. నాలుగోది విప్పేసరికి చిప్ప నిండి, పొర్లి, బల్ల మీద కుప్ప పడింది. కాసేపటికి ప్రాణం కుదుటపడి మరమేకు కింద పెట్టేశాడు.

"దొరికింది ఉస్తాదూ."

"ఇంగా ఆరుండాయి."

విసుగ్గానే విప్పుకుంటూ పోయాడు. తొమ్మిదోదాంట్లో అసలు మందే లేదు. ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో సున్నా. అందుకే డబ్బాలో మందు సరిగ్గా సరిపోయింది.

"ఇది పేలదు గదా, దీంతో ఏం భయం?" అన్నాడు.

"అడుగున మందుకు నిప్పంటించే టోపీ ఒక్కటే పేలి గుళ్లను తుపాకీ గొట్టం సగానికి తోస్తుంది. ఆడ ఇరుక్కుంటాయి. పేల్లేదే అనుకోని నీ బామ్మర్ది ఇంగోటి వేసి కాలుస్తాడు."

చెన్నకేశవులు పదోదీ విప్పాడు. తర్వాత చాలాసేపు ఆ మరమేకును అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. మద్రాసు వాళ్ల బొమ్మల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు. సొరుగులోని పనిముట్లన్నిటిలో ఇంతగా అరిగిందీ ఇంకొకటి లేదు. నాలుగు వేళ్లు పడేచోట పిడి లోతుగా గుంటలు పడిపోయింది.

"నా మాదిరి శిష్యులు చానామందే వచ్చినట్టుంది ఉస్తాదూ," అన్నాడు సిగ్గుపడుతూ.

సాయిబు మరమేకు తీసుకుని పంచె కొంగుతో తుడిచాడు. ఆయన వేళ్లు ఆ గుంటల్లో ఒక్కొక్కటీ సరిగ్గా కూర్చున్నాయి.

"నువ్వే మొదటోడివి."