ఓబుళక్క ఉప్పునీళ్ళు

అనగా అనగా, మీ తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని నాడు, మెట్టచేల నడుమ ఒక ఊరు. ఆ ఊరికి సజ్జలే అన్నం. ఆ ఊళ్ళో ఓబుళక్క అని ఒక కూలిమనిషి ఉండేది. మొగుడు లేడు. సుంకి అని ఒక్కతే కూతురు. ఓబుళక్కకు ఉన్న ఆస్తి ఒక చేట. ఎవరి కళ్లంలో కంకులు తొక్కించినా, తూర్పార పట్టడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. ఆమె చేట పట్టిందంటే గింజలో రాయి మిగలదని పేరు.

ఒక ఏడు సజ్జలు పూత మీద ఉండగా ముసురు పట్టింది. ఒక దినం కాదు, రెండు దినాలు కాదు, మూడు వారాలు. ముసురు విడిచాక చూస్తే కంకుల నుంచి తేనెలాంటి బంక కారుతోంది. నేలతల్లి తేనె కార్చిందని జనం మురిసిపోయారు. పిల్లలు వేలితో తీసి నాకారు. కోతల నాటికి ఆ బంక ఎండింది. గింజ ఉండాల్సిన చోట నల్లటి కొమ్ముల్లాంటివి పుట్టాయి. ఓబుళక్క చేటలో వేసి చెరిగితే అవి గింజతోనే నిలిచాయి. ఎన్నడూ లేనిది, ఆమె చేట ఓడిపోయింది.

"కాస్త నలుపుంటే ఏమవుతుందిలే, తిండిగింజే కదా" అన్నారు అందరూ. ఓబుళక్కా అదే అనుకుంది. తానే తిరగలిలో విసిరింది, తానే సంగటి కెలికింది, తానే సుంకికి ముద్ద పెట్టింది.

ఆ వారం ఊరంతా వాంతులు. తల తిరిగి, మత్తు కమ్మి, ఎక్కడివాళ్ళు అక్కడ పడిపోయారు. చాలామంది లేచారు. ముగ్గురు లేవలేదు. ఒక ముసలాయన, ఒక బాలింత, సుంకి.

"అమ్మోరికి కోపమొచ్చింది" అన్నాడు ఊరిపెద్ద కంబన్న. మూడు పొట్టేళ్ళను కోశారు. మరుసటేడు మళ్ళీ ముసురు, మళ్ళీ బంక, మళ్ళీ చావులు.

నా బిడ్డను అమ్మోరు తినలేదు, నేను పెట్టిన ముద్దే తినింది అనుకుంది ఓబుళక్క. అప్పటినుంచి ఆమెకు ఒకటే ధ్యాస. నల్లదాన్ని వేరు చేయాలి. గాలికి ఎత్తింది, పోలేదు. జల్లెడ పట్టింది, విరిగిన ముక్కలు గింజతోపాటే జారాయి. నీళ్ళలో పోసింది, అన్నీ మునిగాయి. ఊరేసిన మామిడికాయలు అయిపోయి, కుండలో ఉప్పునీళ్ళు మిగిలి ఉంటే, చివరికి అందులో పోసింది. మంచి గింజ మునిగింది. నల్లది పైకి తేలింది.

ఆమె కంబన్న ఇంటికి పోయింది. "అన్నా, ఈసారి విత్తనాలు ఉప్పునీళ్ళలో పోసి, తేలినవి తీసేసి విత్తండి."

"ఉప్పు పడిన నేలలో గడ్డి కూడా మొలవదు. విత్తనాన్ని చంపమంటావా?"

"మూడుసార్లు మంచినీళ్ళలో కడిగి ఆరబెడితే చావదన్నా."

ఆయన వినలేదు. ఓబుళక్క ఊరి చేలకు దూరంగా, రాళ్ళగుట్ట మీద పిడికెడు గింజలు కడిగి విత్తింది. పంట పండింది. వెతికితే తప్ప నలుపు లేదు. ఆ కంకులు తెచ్చి కళ్లంలో అందరి ముందూ పెట్టింది.

"గుట్ట మీద గాలి మంచిది, అంతే" అన్నాడు కంబన్న. "నల్లది విషమని నీకెవరు చెప్పారు?"

"సుంకి చెప్పింది."

కంబన్న ఆ కంకులు పక్కకు నెట్టాడు. "మాటలెందుకు? తిని చూపించు."

తొమ్మిది దినాలు ఆమె కడిగిన గింజతో సంగటి చేసుకుని, అందరూ చూస్తుండగా కళ్లంలో కూర్చుని తినింది. ఏమీ కాలేదు. పదో దినం, ఊరి గింజలో తేలిన నల్లగింజలతో సంగటి చేసింది. కంబన్న పెళ్ళాం నారెమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. కోడికి వేసి చూద్దాం."

"కోడి చస్తే కోడికి తెగులంటారు నారెమ్మా."

మొదటి ముద్ద నీళ్ళు తాగి మింగింది. రెండో ముద్దకు కళ్ళు మూసుకుంది. మూడో ముద్ద మామూలుగానే తినింది. పొద్దు నడినెత్తికి రాకముందే వాంతులు మొదలయ్యాయి. పొద్దు వాలేసరికి మత్తు కమ్మింది. మూడోనాటికి పోయింది.

"వయసు మీద పడింది కదా" అన్నాడు కంబన్న.

నారెమ్మ లేచి ఇంటికి పోయింది. పెద్ద కాగు తెచ్చి, కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి, ఇంట్లో ఉన్న విత్తనాలన్నీ అందులో పోసింది. గాదెలోని తిండిగింజలూ పోసింది. చూసి పక్కింటామె పోసింది. ఆమెను చూసి ఎదురింటామె పోసింది. మగవాళ్ళు ఆ విత్తనాలే విత్తారు, వేరే లేక.

ఆ ఏడూ ముసురు పట్టింది. కంకులు అక్కడక్కడా నల్లబడ్డాయి. కానీ ఎవరూ చావలేదు.

ఇప్పటికీ ఆ మెట్టపల్లెల్లో విత్తే ముందు సజ్జలు ఉప్పునీళ్ళలో పోస్తారు. తేలిన నల్లదాన్ని తీసి, లోతుగా గుంట తవ్వి పూడుస్తారు. మన్ను కప్పుతూ ఇంటి ఆడమనిషి ఒక మాట అంటుంది. ఆ మాట అనకుండా విత్తనం గడప దాటదు.

"మునిగింది మాది. తేలింది ఓబుళక్కది."