ఎదుటివాడి వంతు

ఫణీంద్రకు కుర్చీలో కూర్చోవడం చేతకాదు. స్నూకర్‌లో ఎదుటివాడు టేబుల్ దగ్గర ఉన్నంతసేపూ మనం మన కుర్చీలో నోరు మూసుకుని కూర్చోవాలి. వాడు ఎంతసేపు ఆడితే అంతసేపు. మనవాడికి అది జైలుశిక్ష. కాళ్లు ఊపుతాడు, గోళ్లు కొరుక్కుంటాడు, పైనున్న ఫ్యాను రెక్కలు చూస్తాడు.

టేబుల్ దగ్గరికి వెళ్లాడా, అబ్బో, ఆ చెయ్యే వేరు! సికింద్రాబాద్‌లో మా గౌస్ సాబ్ దగ్గర నేర్చుకున్నవాళ్లలో అలాంటి దెబ్బ ఇంకెవరికీ లేదు. ఏళ్ల తరబడి ఆయన దగ్గర తంటాలు పడ్డాను, నాకూ లేదు. చెప్పుకోవడానికి ఏడుపొస్తుంది గానీ ఏం చేస్తాం.

రాష్ట్ర జూనియర్ ఫైనల్ దగ్గర పడుతుండగా జయంత్ సర్నా టీవీలో ఒక మాట అన్నాడు. దేశంలో ఇప్పుడు అతన్ని మించిన ఆటగాడు లేడు. "పాత పద్ధతి స్నూకర్ ముసలాళ్లకు నిద్రమాత్ర. గంటలకొద్దీ ఎవరు చూస్తారు? దెబ్బకు కొన్ని సెకన్లిచ్చి ఆడించండి, మిగతాది మ్యూజియంలో పెట్టండి" అన్నాడు.

నేనూ జయంత్ అభిమానినే. అతని ఆట వస్తుంటే ముందు పెట్టిన అన్నం చల్లారిపోయేది. అయినా ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నువ్వు పైకొచ్చింది ఆ పాత ఆటలోనే కదయ్యా! పోనీ పూర్తిగా తప్పన్నాడా అంటే, అదీ అనలేను. వేగం పోటీలకు జనం ఎగబడుతున్నారు, మా పోటీలకు సగం కుర్చీలు ఖాళీ. అందుకే ఇంకా మండింది.

ఫణీంద్రకైతే ఆ మాట వేదవాక్కు. "విన్నారా సాబ్, జయంత్ ఏమన్నాడో?" అని రోజూ ఆయన్ను సాధించాడు. సాబ్ వింటూనే బంతులు సర్దుకునేవారు.

ఫైనల్లో ఎదుటివాడు కాజీపేట కుర్రాడు నెల్సన్. మహా నిదానస్తుడు. టేబుల్ చుట్టూ తిరుగుతాడు, వంగుతాడు, మళ్లీ లేస్తాడు, క్యూ కర్ర కొసకు చాక్ రాస్తాడు. గెలిచినవాడు జాతీయ జట్టు ఎంపికకు వెళ్తాడు. వచ్చే ఏటికి ఫణీంద్రకు జూనియర్ వయసు దాటిపోతుంది. ఇది పోతే ఇక లేదు.

మొదట మనవాడు దూసుకుపోయాడు. తర్వాత కుర్చీలో కూర్చుని కూర్చుని కుతకుత ఉడికాడు. వంతు వచ్చినప్పుడల్లా ఆ కోపంతోనే లేచి కొట్టాడు. చూస్తుండగానే చెరో నాలుగు ఫ్రేములు, అంటే చెరో నాలుగు ఆటలు గెలిచారు. ఆఖరి ఫ్రేముకు ముందు కాసేపు విరామం ఇచ్చారు.

పక్క గదిలో ప్రాక్టీసు టేబుల్ ఉంది. సాబ్ అక్కడ ఒక్కరే మెల్లగా బంతులు కొట్టుకుంటున్నారు. ఫణీంద్ర తలుపు తోసుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వెనకాలే నేనూ వెళ్లాను.

"వాడు ఆడటం లేదు సాబ్, నా ప్రాణం తీస్తున్నాడు! ఇది ఆటా? జయంత్ అన్నదాంట్లో తప్పేముంది? ఇప్పుడు వెళ్లి ఎడాపెడా కొట్టేస్తాను. పోతే పోయింది. రేపట్నుంచి వేగం పోటీలే ఆడతాను, ఈ కుర్చీ బాధ నాకొద్దు."

సాబ్ ఒక దెబ్బ కొట్టారు. ఇంకొకటి కొట్టారు. మనవాడు అరుస్తూనే ఉన్నాడు. నాకు భయమేసింది, ఏడ్చేస్తాడేమోనని.

సాబ్ క్యూ గోడకు ఆనించి, ఆట లేనప్పుడు టేబుల్ మీద కప్పే దుప్పటి తీశారు. బంతులు అలా ఉండగానే రెండు చేతులతో పైకి పట్టుకున్నారు. తెరలా అడ్డుపెట్టి, టేబుల్ వాడికి కనపడకుండా చేశారు.

"నల్లబంతి ఎక్కడుంది బేటా?"

ఫణీంద్ర ఆగిపోయాడు. "చూడలేదు సాబ్."

"తెల్లది?"

వాడు దుప్పటి వైపు చూశాడు.

"నీ ఎదురుగానే కదా ఆడాను."

హాల్లోంచి పిలుపు వచ్చింది. సాబ్ ఆ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డారు. నాకైతే ఆయన మీద చిరాకేసింది. పిల్లాడు చచ్చిపోతుంటే ఇదేం ఆటండీ!

ఆఖరి ఫ్రేము మొదలైంది. ఫణీంద్ర కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి కాళ్లు ఊపలేదు. ముందుకు వంగి నెల్సన్‌నే చూశాడు. ఒక్కో బంతి ఎక్కడ ఆగిందో చూశాడు. కాసేపటికి నాకూ ఒక సంగతి తెలిసింది. నెల్సన్ ఆలోచిస్తున్నప్పుడు చాక్ రాయడు, భయపడినప్పుడు రాస్తాడు. ఎడమవైపు దూరంగా ఉన్న పాకెట్‌కు కొట్టాల్సి వచ్చినప్పుడల్లా చాక్ తీస్తున్నాడు. పొద్దున్నుంచీ అదంతా మా కళ్ల ముందే జరుగుతోంది.

నెల్సన్ బాగా ముందుకెళ్లాక ఒకటి తప్పాడు. ఫణీంద్ర లేచాడు. లేచినవాడు ఆగలేదు. బంతి వెనక బంతి, టపటపా వేసేశాడు. ఎక్కడ ఏముందో వెతుక్కోలేదు. చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది, మనవాడు ఐదు పాయింట్లు వెనకున్నాడు. నల్లబంతికి ఏడు పాయింట్లు, దాన్ని ఎవరు వేస్తే వాళ్లదే ఆట.

వేయొచ్చు, కష్టమే గానీ వేయొచ్చు. ఉన్న ఆ కాస్త జనం "కొట్టు! కొట్టు!" అని అరిచారు.

ఫణీంద్ర మెల్లగా నల్లబంతిని తాకించి, ఎడమవైపు ఆ దూరపు పాకెట్‌కు తప్ప ఇంకెక్కడికీ కొట్టే వీల్లేని చోట దాన్ని వదిలాడు. దాన్ని కొట్టాల్సిన తెల్లబంతిని అవతలి చివర నిలిపాడు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. జనం ఉసూరుమన్నారు.

నెల్సన్ టేబుల్ చుట్టూ తిరిగాడు. జేబులోంచి చాక్ తీశాడు. రాశాడు, వంగాడు, లేచాడు, మళ్లీ రాశాడు. ఫణీంద్ర రెప్ప వేయలేదు. నెల్సన్ కొట్టాడు. నల్లబంతి పాకెట్ అంచుకు తగిలి అక్కడే ఆగిపోయింది.

ఫణీంద్ర వచ్చి దాన్ని లోపలికి నెట్టాడు.

నెల్సన్ చెయ్యి కలిపి వెళ్లాక పరుగున సాబ్ దగ్గరికి వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. "గెలిచాను సాబ్!"

"ఎప్పుడు గెలిచావు?" అన్నారు సాబ్.

ఫణీంద్ర నల్లబంతి పడ్డ పాకెట్ వైపు చెయ్యి చూపబోయాడు. తిరిగి తన కుర్చీ వైపు చూశాడు.